గుండు టైరు మన బండికేనా?

జూన్ మొదటివారం వచ్చేసరికి మన ఇళ్ళల్లో వానాకాలం ఏర్పాట్లు దాదాపు పూర్తయిపోతాయి. ఆవకాయ జాడీలకి వాసెన కట్టేస్తాం. వడియాలు, అప్పడాలు డబ్బాల్లోకి ఎక్కేస్తాయి. పప్పులకి పురుగు పట్టకుండా ఓసారి ఎండలో పోసి తీస్తాం. పిల్లలకి రెయిన్ కోట్లూ బడి బూట్లూ కొంటాం. గొడుగు ఊచ విరిగితే బాగుచేయిస్తాం. డాబా మీది నీళ్ళు పోయే తూము పూడిపోయిందేమో మనిషిని పెట్టి చూపిస్తాం. ఇంత ముందుచూపున్న ఇల్లాలు, రోజూ తాను ఎక్కి తిరిగే స్కూటరు టైరుకేసి ఒక్కసారైనా వంగి చూస్తుందా అంటే, చూడదు. చూడాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోగా "అవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటానుగా" అన్నారు. ఆ చూసుకుంటానన్న మనిషి చూశాడా?

ఇళ్ళల్లో బండ్లకి కూడా ఓ వరస ఉంటుంది. మీరెప్పుడైనా గమనించారా? కారుంటే ముందు కారు. దానికి వేళకి సర్వీసింగు, పైన కవరు, అద్దం దగ్గర వేలాడే బొమ్మ. తరువాత అయ్యగారి మోటారు సైకిలు. ఆ తరువాత కాలేజీకెళ్ళే అబ్బాయి బండి. దాని సంగతి వాడే పోరుపెట్టి చేయించుకుంటాడు. అందరివీ అయ్యాక, నెలాఖరున చేతిలో ఏమైనా మిగిలితే అప్పుడు ఇల్లాలి స్కూటరు. పూర్వం అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే అమ్మ తినేది. ఆ అలవాటు వంటింట్లోంచి చాలావరకు పోయింది గానీ వాకిట్లో బండ్ల దగ్గర ఇంకా పోలేదని నా అనుమానం. అనుమానమేమిటి, నమ్మకమే.

అసలు చాలా ఇళ్ళల్లో ఆమెకి వచ్చేది కొత్త బండే కాదు. "నేను కొత్తది తీసుకుంటున్నా, పాతది నువ్వు వాడుకో, కూరగాయలకీ అదీ పనికొస్తుంది" అని చేతికొచ్చిన బండి. అంతకుముందు తిరిగిన వేల కిలోమీటర్ల అరుగుదలతో సహా వస్తుంది. నాలుగేళ్ళు పోయాక అమ్మాయి ఇంటర్లో చేరితే అమ్మ బండి అమ్మాయికి. అప్పటికి ఆ టైరు మీద గీతలు మన అరచేతిలో గీతలకన్నా లోతుగా ఏమీ ఉండవు. అయినా అందరూ అనేది ఒకే మాట: "నడుస్తోందిగా!"

నిజమే, నడుస్తోంది. ఎండాకాలమంతా నిక్షేపంగా నడిచింది. చిక్కంతా అక్కడే ఉంది.

అరిగిన టైరు ఎండలో మనకి ఏమీ చెప్పదు. ఇది అర్థం కావడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు, పాత హవాయి చెప్పుల జత ఒకటి చాలు. మడమ కింద నున్నగా అరిగిన చెప్పు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి రండి. ఏమీ కాదు. అదే చెప్పుతో తడిగా ఉన్న స్నానాలగదిలో అడుగు పెట్టండి... వద్దులెండి, పెట్టకండి. ఏమవుతుందో మీకు తెలుసు. చెప్పు మారలేదు, కాలూ మారలేదు. మధ్యలో ఓ పల్చటి నీటిపొర వచ్చి చేరింది, అంతే. కొత్త చెప్పుకి అడుగున ఉండే గీతలు ఆ నీటికి దారి ఇస్తాయి. నీళ్ళు పక్కకి తప్పుకుంటే రబ్బరు నేలని పట్టుకుంటుంది. అరిగిన చెప్పుకి ఆ దారి లేదు గనక నీటి మీదే కూర్చుంటుంది. టైరు సంగతీ ఇంతే. దాని మీది గాట్లు డిజైను కోసం పెట్టినవి కావు. అవి కాలవలు, నీళ్ళు బయటికి పోవడానికి తవ్విన కాలవలు. పూడిపోయిన కాలవ ఊళ్ళో ఏం చేస్తుందో వానొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం కదా!

పొడి రోడ్డు మీద ఈ కాలవలతో పని లేదు. నిజానికి గాట్లు లేని టైరుకే నేలని తాకే రబ్బరు ఎక్కువ. అందుకే ఎండ కాసే రోజున కార్ల పందాల్లో కావాలని నున్నటి టైర్లు వేస్తారు. ఇందులో అమెరికావాళ్ళ వేడుక ఒకటి మనం తెలుసుకోదగ్గది. అక్కడ డ్రాగ్ రేసింగ్ అని ఓ పందెం ఉంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నటి దారిలో పావు మైలు, అంటే మన లెక్కలో నాలుగు వందల మీటర్ల చిల్లర, ఎవరు ముందు చేరతారా అని దూకుతాయి. మలుపుల్లేవు, ఎత్తుపల్లాల్లేవు. ఉన్నదంతా బయల్దేరేటప్పటి పట్టులోనే. అందుకోసం మెత్తటి రబ్బరుతో టైర్లు చేస్తారు. పందానికి ముందు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిప్పి, పొగలొచ్చేదాకా వేడెక్కిస్తారు. అలా వేడెక్కిన రబ్బరు జిగురులా నేలకి అంటుకుంటుంది.

వాటిలోనే డ్రాగ్ రేడియల్ అని ఓ రకం ఉంది. మామూలు రోడ్డు మీద తిరగడానికి కూడా అనుమతి ఉన్నవి. ఇంటినుంచి అదే కారులో పందెం జరిగేచోటికి వెళ్ళి, పందెం ఆడి, మళ్ళీ అదే కారులో ఇంటికి రావచ్చు. వాటికి గాట్లు ఉండీ లేనట్టు ఉంటాయి. ఎండలో వాటికి ఎదురు లేదు. చినుకు పడిందా, ఆ మొనగాడు కారే వణికిపోతుంది. తడి రోడ్డుకి ఇవి తగవని చేసినవాళ్ళే హెచ్చరిస్తారు. పందెం జరిగేచోట నాలుగు చినుకులు పడితే పందెం ఆపేసి, దారంతా ఆరాకే మళ్ళీ మొదలుపెడతారు. ఆ టైర్లు వేసుకున్న తెలివైనవాళ్ళు మబ్బు పట్టిన రోజున కారు బయటికి తియ్యరు. దారిలో వానకి దొరికిపోతే ఎద్దుబండిలా పక్కనుంచి మెల్లగా పోతారు, లేదా ఆగిపోతారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అక్కడివాళ్ళు డబ్బు పోసి, తెలిసి తెలిసి, మోజుపడి తెచ్చుకునే ప్రమాదాన్ని ఇక్కడ మన చేతికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇచ్చేస్తున్నారు. గాట్లు లేని టైరు వేసుకుని వానలోకి వెళ్ళడమే రెండుచోట్లా జరుగుతున్నది. వాళ్ళకి ఎండలోనైనా దానివల్ల ఓ సుఖం ఉంది. మన గుండు టైరుకి అదీ లేదు. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, రబ్బరు గట్టిపడి, పక్కల్లో సన్నటి పగుళ్ళు కూడా తేలి ఉంటుంది. దాని దుర్గుణమే మనకి మిగిలింది.

పైగా వాన మొదట్లో రోడ్డే మనకి శత్రువు. తొలకరి పడితే మట్టి వాసన గురించి అందరూ చెప్తారు. ఆ మట్టితో పాటు నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె చుక్కలు, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి అన్నీ కలిసి ఓ జిడ్డుపొరలా పైకి తేలతాయి. వాన గట్టిగా కొడితే కాసేపటికి కొట్టుకుపోతాయి. అందువల్ల అన్నిటికన్నా జారుడుగా ఉండేది కుండపోతలో కాదు, మొదటి పది పదిహేను నిమిషాల జల్లులో. మనమేం చేస్తాం? "పెద్దదయ్యేలోపు ఇంట్లో పడదాం" అని సరిగ్గా ఆ పది పదిహేను నిమిషాల్లోనే బండిని తరుముతాం! ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి, వడిలిన ప్రాణం వాటిమీదే ఉంటుంది. తడిస్తే మళ్ళీ ఆరతాయి తల్లీ బట్టలు.

రోడ్డు మీద కొన్ని చోట్లు మరీ పొంచి ఉంటాయి. నడిరోడ్డులోని మ్యాన్ హోల్ మూతలు, ఫ్లై ఓవర్ల మీద అడ్డంగా ఉండే ఇనప పట్టీలు, రైల్వే గేటు దగ్గర పట్టాలు, జీబ్రా క్రాసింగు తెల్లరంగు. ఇవన్నీ తడిస్తే అద్దాలే. జిల్లాల్లో వేరే రకాలున్నాయి. నల్లరేగడి పొలాల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రాలనుంచి రాలిన మట్టి వానకి వెన్నముద్దలా అయిపోతుంది. డెల్టాలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, తీసుకెళ్ళాక మిగిలిన గడ్డీ గింజలూ అక్కడే ఉంటాయి. విశాఖపట్నం వాళ్ళకి వాలు రోడ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట్ల బండిని వంచకుండా, తిన్నగా, ముందే వేగం తగ్గించుకుని దాటాలి. వాటి మీద ఉండగా బ్రేకు వెయ్యకూడదు. ఇవన్నీ నేర్చుకోవచ్చు. అయితే కొత్త టైరుతో నేర్చుకున్నవాళ్ళకి ఓ పొరపాటు క్షమిస్తుంది రోడ్డు. గుండు టైరు ఆ ఒక్కటీ క్షమించదు.

"ఆడవాళ్ళ బండి ఎక్కడికి తిరుగుతుంది? ఇంటి చుట్టుపక్కలేగా!" అనే వాదన ఒకటుంది. నాకు ఒళ్ళు మండేది ఈ మాట దగ్గరే. ఇంటి చుట్టుపక్కల తిరిగే ఆ బండి ఏ పనిమీద తిరుగుతుందో చూడండి. వాన పట్టుకుంటే ఆఫీసునుంచి వచ్చే మగవాళ్ళు ఏ వంతెన కిందో ఆగుతారు. టీ కొట్టు దగ్గర నిలబడి వాన తగ్గేదాకా రాజకీయాలు మాట్లాడుకుంటారు. మంచిదే, అదే చెయ్యవలసింది. కానీ నాలుగింటికి బడి గంట కొడితే తల్లి ఆగలేదు. గేటు దగ్గర బిడ్డ నిలబడి ఉంటుంది, వాచ్ మన్ గేటు మూసేస్తానంటాడు. జ్వరం వచ్చిన అత్తగారిని డాక్టరు రాసిచ్చిన టైముకే తీసుకెళ్ళాలి. అంటే ఆమె చేసే ప్రయాణాలు పొట్టివే గానీ వాయిదా వెయ్యడానికి వీల్లేనివి. వానని బట్టి ప్రయాణం పెట్టుకునే సదుపాయం ఉన్నవాళ్ళకి మంచి టైర్లు, లేనివాళ్ళకి అరిగినవి. ఇదెక్కడి లెక్క?

పైగా ఆ బండి ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళదు. ముందు నిలబడ్డ చిన్నది, వెనక కూచున్న పెద్దది, రెండు స్కూలు బ్యాగులు, కాళ్ళ దగ్గర కూరల సంచి. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే మనకి నెమ్మదే అనిపిస్తుంది. కానీ ఆ వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని మనసుకి తట్టి, వేళ్ళు బ్రేకు నొక్కేలోపే ఓ సెకను అయిపోతుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద పది మీటర్లలో ఆగే బండికి, పట్టు సగమైతే ఇరవై మీటర్లు కావాలి. ఆ మిగతా పది మీటర్లలో ఏముందన్నదే మన అదృష్టం. ఆటో వెనక భాగం కావచ్చు, రోడ్డు దాటుతున్న ఇంకో తల్లి బిడ్డ కావచ్చు.

నాలుగేళ్ళలోపు పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళకి కట్టుకునే పట్టీ, పిల్లలకి హెల్మెట్, వేగం 40 కిలోమీటర్లకి మించకుండా ఉండాలని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరినుంచి అమల్లోకి వచ్చింది. ఈ సంగతి మీ వీధిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. చట్టానికి మన మీద శ్రద్ధ లేదని అనలేం. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లోనే, వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని రాశారు. మనం చీర గార్డు అంటామే, అదే. చీరకొంగు గురించి ఆలోచించిన ఆ నిబంధనల్లోనే టైరు గురించి కూడా ఉంది. ద్విచక్ర వాహనాలకి గాటు లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు, కార్లకి 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా అరిగితే ఆ టైరు పనికిరానిదే. నా మటుకు నాకు 0.8 అనేది మరీ చివరి అంచు. అంతదాకా ఆగి వానాకాలంలోకి వెళ్ళడం, పాలు పొంగేదాకా చూసి స్టవ్వు కట్టెయ్యడం లాంటిది.

2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలోనూ నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తే దేశమంతా మాట్లాడింది. మాట్లాడాలి కూడా. కానీ మామూలు జల్లుకి మలుపులో జారిపడిన స్కూటరు గురించి ఎవరు మాట్లాడతారు? మోచెయ్యి విరిగి మూడు వారాలు కట్టుతో కూర్చున్న ఆవిడని పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏమంటారో మనందరికీ తెలుసు. "కాస్త చూసుకుని నడపొద్దూ?" "ఆడవాళ్ళకి బ్యాలెన్సు తక్కువ." "ఎందుకొచ్చిన బండి, ఆటోలో వెళ్ళలేకపోయావా?" ఆ బండి వెనక చక్రం కేసి చూసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. పడ్డ దెబ్బకన్నా ఈ మాటలకే మళ్ళీ బండి ముట్టుకోని వాళ్ళున్నారు. అరవై రూపాయల రబ్బరు అరుగుదల ఒక మనిషి స్వేచ్ఛని తీసుకుపోతుందంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, బండి మానేసిన ఆడదాని జీవితం ఎంత కుంచించుకుపోతుందో చూసినవాళ్ళకి నవ్వు రాదు.

సరే, చూడటమెలాగో చెప్పుకుందాం. ఇది అయిదు నిమిషాల పని, చీర పాడవదు. బండికి సెంటరు స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. వెనకదే ముందు అరుగుతుంది, మన బరువంతా దానిమీదే గనక. గాట్ల లోపల అడుగున, అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. ఎక్కడ ఉన్నాయో తెలియకపోతే టైరు అంచున చిన్న త్రికోణం గుర్తు గానీ, టి.డబ్ల్యు.ఐ. అన్న అక్షరాలు గానీ వెతకండి, దానికి తిన్నగా పైన ఉంటుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందా, ఆ టైరు పని అయిపోయినట్టే. మధ్యలో మాత్రమే అరిగి పక్కల్లో కొత్తగా ఉన్నా మురిసిపోకండి, తిన్నగా వెళ్ళేటప్పుడు నేలని తాకేది ఆ మధ్యభాగమే.

ఇంకోటి, టైరు పక్కన ఓ చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మందుల అట్ట మీద తారీఖు చూసి కొనే మనకి ఇదేం కష్టం కాదు. గీతలు బాగున్నా ఏళ్ళు మీరి పగుళ్ళు తేలిన టైరు నమ్మదగ్గది కాదు. ఎప్పుడో తప్ప తియ్యని బండ్లకి ఈ జబ్బు ఎక్కువ. స్కూటర్ల చక్రాలు చిన్నవని కూడా గుర్తుపెట్టుకోవాలి. పది అంగుళాల చక్రం కిలోమీటరు దూరానికి సుమారు 730 సార్లు తిరిగితే, పద్దెనిమిది అంగుళాల మోటారు సైకిలు చక్రానికి 530 తిరుగుళ్ళు చాలు. మనది అంత ఎక్కువ అరుగుతుంది. "నా బండి టైరు నలభై వేలు వచ్చింది, నీదెలా అయిపోయింది?" అని ఎవరైనా ఆరా తీస్తే ఈ లెక్క చెప్పండి.

కొన్నిచోట్ల అరిగిన టైరుకే కత్తితో కొత్తగా గాట్లు కోసి ఇస్తారు. చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. ఉన్న కాస్త రబ్బరునీ కోసేస్తే లోపలి దారాలదాకా ఎంత మిగులుతుంది? స్కూటరుకి ఆ పని చెయ్యనివ్వకండి. ముందు చక్రంలోని మంచి టైరు వెనక్కి వేసి, వెనకటి గుండుని ముందుకి మార్చి "సరిపోయిందమ్మా" అనే పద్ధతి కూడా ఒకటుంది. ముందు చక్రం జారితే మనిషి నిలదొక్కుకునే సందే ఉండదు.

ఇక బ్రేకుల సంగతి. "ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావు" అని మన అన్నయ్యలు, నాన్నలు నేర్పించారు. సైకిలు కాలంనుంచీ వస్తున్న పాఠం ఇది. వానలో ముందు బ్రేకు గబుక్కున గుంజితే జారతామన్నది నిజమే. కానీ ఒక్క వెనక బ్రేకు మీదే ఆధారపడితే బండి సగం దూరంలో ఆగేది కాస్తా ఎక్కడో ఆగుతుంది, వెనక చక్రం బిగుసుకుపోయి పక్కకి తిరిగిపోతుంది కూడా. బండి తిన్నగా ఉన్నప్పుడు, రెండూ కలిపి, కాస్త ముందునుంచే, మెత్తగా నొక్కాలి. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త చిన్న బండ్లకి ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పట్టేలా ఏర్పాటు తప్పనిసరి చేశారు. అంతకన్నా పెద్దవాటికి, 125 సీసీ దాటినవాటికి, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పెట్టారు. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. అయితే ఏ బ్రేకైనా చక్రాన్ని మాత్రమే ఆపగలదు. బండిని ఆపేది టైరు. ఎలక్ట్రిక్ స్కూటర్లు కొన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. అవి చప్పుడు లేకుండా ఒక్కసారిగా లాగుతాయి. తడి రోడ్డు మీద, అరిగిన వెనక టైరుతో, సిగ్నలు పడగానే చెయ్యి తిప్పారంటే చక్రం ఉన్నచోటే జారుతుంది.

కారు నడిపేవాళ్ళకీ ఓ మాట. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద వేగం హద్దు 2023లో 120 కిలోమీటర్లకి పెంచారు. అది మంచి వాతావరణంలో పైహద్దేగానీ వానలో సలహా కాదు. రోడ్డు మీద నీళ్ళు నిలిచి, టైర్లు అరిగి ఉంటే, మామూలుగా గాలి పెట్టిన కారు చక్రం గంటకి 90 కిలోమీటర్ల దగ్గరే నేలని వదిలి నీటిమీద తేలడం మొదలుపెట్టవచ్చు. గాలి తక్కువైతే ఇంకా తక్కువ వేగంలోనే. స్టీరింగు చేతిలో ఉన్నట్టుండి తేలికైపోతుంది. అప్పుడు గాభరాపడి బ్రేకు తొక్కకూడదు. కాలు మెల్లగా పైకి తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, చక్రం మళ్ళీ నేల అందుకునేదాకా ఓపిక పట్టాలి. వానాకాలంలో పట్టు కోసమని గాలి తగ్గించి పెట్టమనే సలహా మీకెవరైనా ఇస్తే వినకండి. బండి మీద అంటించిన చీటీలో ఎంత రాసుందో అంతే.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఎన్ని చెప్పినా చివరికి అక్కడే ఆగుతుంది కదా! స్కూటరు టైరు ఒకటి ఈ రోజుల్లో పెళ్ళి జాకెట్టుకి చేయించే మగ్గం వర్కు కూలి అంత కూడా ఉండదు. జాకెట్టు వద్దని నేను అనటంలేదు, నాకూ ఇష్టమే. జాకెట్టుకి ఇంట్లో ఎవర్నీ అడగం, మన పొదుపులోంచి తీసేస్తాం. టైరు దగ్గరికొచ్చేసరికి "ఆయనకి చెప్పాలి" అంటాం. ఆయనకి చెప్పాక "చూద్దాంలే" అంటారు. ఆ చూద్దాం దసరాకి కూడా తెమలదు. నన్నడిగితే గ్యాస్ బండ, పాలు, పిల్లల ఫీజుల వరసలో టైరు డబ్బుని కూడా నెలకి వందో రెండొందలో పక్కన పెట్టుకోవడం మేలు. ఏడాది రెండేళ్ళలో ఆ డబ్బు ఎవర్నీ అడగకుండా చేతికి వస్తుంది.

షాపుకి మనమే వెళ్ళాలి. వెళితే "సార్ని పంపండమ్మా, ఆయనకైతే అర్థమవుతుంది" అనేవాళ్ళు తగులుతారు. తగువు పెట్టుకోనక్కర్లేదు. బండి మీదున్న పాత టైరు కొలత చూసి ఓ కాగితం మీద రాసుకు వెళ్ళండి. కొత్త టైరు తెచ్చి చూపించగానే ఆ నాలుగంకెల తారీఖు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి. రెండేళ్ళ పాతదైతే వేరేది తియ్యమనండి. ఆ తరువాత సార్ ప్రస్తావన రాదు. చక్రం తిరిగే దిక్కుకి టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, బిగించేటప్పుడు అటువైపే ఉందో లేదో పక్కన నిలబడి చూసుకోవాలి.

కొత్త టైరు వేయించిన రోజునే వానలో దూకుడు పనికిరాదు. తయారీలో అంటుకున్న నున్నటి పొర దానిపైన కొంత ఉంటుంది. ఓ వంద కిలోమీటర్లు నెమ్మదిగా తిరిగితే అది అరిగి, రబ్బరు సరిగ్గా నేలని పట్టుకుంటుంది. అందుకని వాన మొదలయ్యాక పరిగెత్తడం కన్నా మే నెలాఖరుకే ఆ పని చేయించుకుంటే బాగుంటుంది. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్ళకి పెద్ద వానలు అక్టోబరులో గనక వాళ్ళకి సెప్టెంబరుదాకా వ్యవధి ఉంది.